మోపు దించే చోటు

మౌలాలి చేసిన రాతి బల్ల మీద ఎవరూ కూర్చోవడం లేదు.

బల్ల పెట్టి రెండు నెలలైంది. రోజూ వందమంది దాని ముందు నుంచే పోతారు. పోతూ ఆగుతారు, చూస్తారు, కొందరు చేత్తో తాకి కళ్ళకద్దుకుంటారు. అంతే. కూర్చునేది మాత్రం ఎదురుగా గోడవార, మట్టిలో.

గుండ్లకోట కొండవాలు మీద కట్టిన ఊరు. కింద దిగువపేట, పైన ఎగువపేట. రెంటినీ కలిపేది ఏడు మలుపుల వీధి ఒక్కటే. దాన్ని ఎక్కుడు వీధి అంటారు. అందులో బండి నడవదు. ఎగువపేటలో పొయ్యి వెలగాలన్నా, పశువుకు గడ్డి పడాలన్నా, కూరలో ఉప్పు ఉండాలన్నా ఎవరో ఒకరి తలమీద ఎక్కి రావలసిందే.

వీధి చివర, కొండ కొమ్మున ఒక చిన్న దర్గా. దాని పక్క గదిలో అమీన్ షా అనే ఫకీరు ఉండేవాడు. డెబ్బై ఏళ్ళు. పాత గుడ్డ పీలికలతో బొంతలు కుట్టి, చలికాలానికి లేనివాళ్ళకు ఇచ్చేవాడు. సాయిబులు ఆయన్ని బాబా అనేవాళ్ళు, మిగతా ఊరు సామీ అనేది.

మౌలాలి ఆయన శిష్యుడు. అంతకుముందు రాతిపనివాడు. ఒక నవాబుగారి మహలుకు పదకొండేళ్ళు జాలీ కిటికీలు చెక్కాడు. ఆ కిటికీల్లోంచి వెలుగు పడితే నేలమీద పూలు రాలినట్టు ఉండేదట. కానీ పని చేసేకొద్దీ అతనికి నిద్ర పట్టడం మానేసింది. పక్కవాడి కిటికీ తన కిటికీ కంటే బాగుందా అన్న ఒక్క ఆలోచనే లోపల పురుగులా తొలిచేది. చివరికి ఉలీ సుత్తీ మూట కట్టుకొని వచ్చి అమీన్ షా గడపలో కూర్చున్నాడు.

బాబా అతన్ని రెండేళ్ళు రాయి ముట్టనివ్వలేదు. దర్గా ఊడ్పించాడు, నీళ్ళు మోయించాడు, సూదిలో దారం ఎక్కించమన్నాడు. మూడో ఏడు ఒకరోజు తనే అన్నాడు.

"ఈ వీధి ఎక్కి వచ్చేవాళ్ళు బాగా అలిసిపోతున్నారు మౌలాలీ. వాళ్ళకేమైనా చేయగలవేమో చూడు."

గురువు నోట మొదటిసారి తన పని మాట వచ్చింది. మౌలాలికి ఆ పూట అన్నం సహించలేదు, అంత సంతోషం.

వీధంతా తిరిగి మూడో మలుపు ఎంచుకున్నాడు. అక్కడికి వచ్చేసరికి ఎవరికైనా ఊపిరి అందదు. ఆ చోటు మాత్రం అతనికి నచ్చలేదు. నేల ఏటవాలు. ఒక పక్కన మనిషి భుజమెత్తు మొండి రాయి ఒకటి, నెత్తి అరిగిపోయి, నూనె మరకలతో, వికారంగా ఉండేది. అతను ఆ రాయిని పగలగొట్టాడు. ముక్కల్ని వాలులో నింపి, మలుపును చాపలా చదును చేశాడు. దానిమీద బల్ల నిలిపాడు. తొమ్మిదడుగుల నల్లరాయి. పై ముఖమంతా మల్లెతీగ. తీగ ఒక కొసన మొగ్గతో మొదలై, రెండో కొసకు వచ్చేసరికి విచ్చిన పువ్వవుతుంది. నాలుగు నెలల పని. మిగిలిన ఆరు మలుపుల్లోనూ ఆరు తీగలు ఎలా పెట్టాలో గది గోడమీద బొగ్గుతో గీసి పెట్టుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆ బొమ్మల వైపు చూడబుద్ధి కావడం లేదు.

"జనానికి అందం తెలీదు బాబా" అన్నాడు ఒక ఉదయం. "కూర్చోమంటే దండం పెడతారు."

అమీన్ షా బొంత మడిచి పక్కన పెట్టాడు. "పద, చూద్దాం."

ఇద్దరూ దిగి వచ్చి గోడవార నీడలో కూర్చున్నారు. కాసేపటికి ఒక కుమ్మరి ఇల్లాలు తట్టతో కుండలు మోసుకుంటూ వచ్చింది. బల్ల ముందు ఒక్క క్షణం నిలబడింది. కొంగున కట్టుకొచ్చిన నాలుగు కనకాంబరాలు దానిమీద పెట్టి, రొప్పుతూనే పైకి వెళ్ళిపోయింది. తరువాత గడ్డిమోపుల వాళ్ళు వచ్చారు. ఒకాయన చిటికెడు చక్కెర బల్ల కొసన ఉంచాడు. బరువుతో వచ్చినవాళ్ళెవరూ ఆగలేదు.

"దర్గాకు పోయే దారి కదా, ఇదీ మహిమగల రాయే అనుకుంటున్నారు" అన్నాడు మౌలాలి. చిన్నబుచ్చుకున్నట్టే అన్నాడు గానీ, గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

బాబా ఎక్కేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తున్నాడు. "ముందు ఇక్కడ జనం ఆగేవాళ్ళని గుర్తు. ఇక్కడ ఏముండేది?"

"ఏమీ లేదు బాబా. ఒక మొండి రాయి."

బాబా తలూపాడు. మోకాళ్ళ మీద చేతులు వేసుకొని లేచి, మెల్లగా పైకి నడిచాడు.

మూడు రోజుల తరువాత, ఎండ ఎక్కే వేళకు కింద నుంచి కేకలు వినిపించాయి. మౌలాలి పరుగెత్తాడు. మూడో మలుపు దాటి పది బారలు పైన, కట్టెలమ్మే ఓబులమ్మ వీధిలో పడి ఉంది. మోపు తాడు తెగి కట్టెలు కింద రెండో మలుపు దాకా చెదిరి ఉన్నాయి. ఆమె కుడి మణికట్టు వంకర తిరిగింది.

ఓబులమ్మకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో కట్టెలు మోస్తోంది. ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది. అలాంటి మనిషి ఆ పూట ఒక్క మాట అనలేదు. పళ్ళు బిగబట్టుకొని, ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మీద చేతులు వేసి దిగిపోయింది.

సాయంత్రం బాబా, మౌలాలి ఆమె గుడిసెకు వెళ్ళారు. చేతికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి ఉంది. బాబాను చూసి లేవబోయింది. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

ఆమె చూపు మౌలాలి మీద పడింది.

"మూడో మలుపులో రాయి పీకింది నువ్వేనా?"

"నేనే అవ్వా. చూడ్డానికి బాగాలేదని..."

"అది నీకేం చేసింది నాయనా?"

మౌలాలి ఆమె చేతి కట్టు వైపు చూశాడు.

"నువ్వు పెట్టిన రాయికి రోజూ మొక్కుతాండా" అంది ఓబులమ్మ. "మొక్కితే మోపు దిగుతాదా? దిగలే. రెండు నెల్లుగా దించకుండానే పోతాండా. ఈ పొద్దు కండ్లు తిరిగినాయి."

తిరిగి ఎక్కుతున్నప్పుడు మౌలాలి ఊరుకోలేకపోయాడు. "ముసలామె బాబా. వయసు మీదపడింది. అంత మోపు ఎత్తుకోకూడదు. దానికి నా బల్లేం చేస్తుంది? అలసిపోతే కూర్చోవచ్చు కదా, అందుకేగా పెట్టింది."

అమీన్ షాకు ఎక్కడం ఆయాసంగా ఉంది. మూడో మలుపు దగ్గర ఆగి, తన చేతికర్రను బల్ల పక్కన నిలబెట్టి, కర్ర ఎంత ఎత్తు వచ్చిందో, బల్ల ఎంత ఎత్తు ఉందో చూసి, మళ్ళీ నడిచాడు.

మర్నాడు తెల్లవారి మౌలాలి లేచేసరికి బాబా గదిలో లేడు. దర్గాలో లేడు. కిందికి చూస్తే దిగువపేట చివర, ఓబులమ్మ గుడిసె ముందు కనిపించాడు. మౌలాలి ఏడు మలుపులూ ఒక్క పరుగున దిగాడు.

బాబా తలకు గుడ్డ చుట్ట పెట్టుకొని, కట్టెల మోపు ఎత్తమని ఓబులమ్మ కోడలిని అడుగుతున్నాడు. ఆమె చేతులు జోడించి ఏడుపు మొహం పెట్టుకొని నిలబడింది.

"మీరెందుకు బాబా!"

"ఎగువపేటలో రెండిళ్ళు ఈమె కట్టెల కోసం చూస్తుంటాయి. నిన్న ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదట."

"నేనున్నాను కదా. ఇటివ్వండి."

బాబా చుట్ట తీసి అతని తలమీద పెట్టాడు. బాబా ఒక వైపు, కోడలు ఒక వైపు పట్టి మోపు ఎత్తారు.

మౌలాలికి బరువులు కొత్త కాదు. రాళ్ళు దొర్లించిన ఒళ్ళు. మొదటి మలుపు తేలిగ్గానే ఎక్కాడు. రెండో మలుపు దగ్గర మెడ నరాలు లాగడం మొదలైంది. మోపు కింద తల ఎత్తలేడు, తిప్పలేడు. కళ్ళముందు మూడడుగుల నేల తప్ప వీధిలో ఇంకేదీ లేదు. చెమట కంట్లోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వెనక బాబా చేతికర్ర చప్పుడు ఆగుతూ ఆగుతూ వస్తోంది.

మూడో మలుపుకు చేరేసరికి ఊపిరి ఈల వేస్తోంది. ఒక్క నిమిషం దించితే చాలు. కంటి కొసకు తన బల్ల కనిపించింది. దగ్గరికి జరిగాడు.

బల్ల మోకాలెత్తున ఉంది.

మోపు దానిమీద వేయాలంటే నడుము వంచాలి. వంచితే మోపు ముందుకు దొర్లుతుంది. ఒకవేళ ఎలాగో పడేసినా, అంత కింద నుంచి మళ్ళీ తలమీదికి ఒక్కడే ఎత్తుకోలేడు. మోపుతోనే కూర్చుందామా అంటే లేవడం సాధ్యం కాదు. అతను బల్ల ముందు నిలబడ్డాడు. అటు ఒక అడుగు వేశాడు, ఇటు ఒక అడుగు వేశాడు. ఎవరో నిన్న పెట్టిన పూలు మల్లెతీగ సందుల్లో వాడి ఉన్నాయి.

"బాబా, ఒక చెయ్యి వేయండి."

అమీన్ షా గోడవార నిలబడి ఉన్నాడు. కదల్లేదు.

"ఓబులమ్మకు రోజూ ఎవరు వేసేవాళ్ళు?"

మౌలాలికి గుర్తొచ్చింది. భుజమెత్తు మొండి రాయి. అరిగిన నెత్తి. నూనె మరకలు. ఎన్ని తలలు, ఎన్నేళ్ళు ఆనితే రాయి అలా అరుగుతుందో రాతిపనివాడికి వేరే చెప్పాలా?

అతను దించలేదు. మోపుతోనే మిగతా నాలుగు మలుపులూ ఎక్కాడు. రెండిళ్ళలో కట్టెలు వేసి వచ్చి దర్గా గోడకు చేరగిలబడ్డాడు. మెడ ఇటు తిప్పితే అటు రావడం లేదు. బాబా నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అవి తాగి మౌలాలి అడిగాడు. "మీకు ముందే తెలుసా బాబా?"

"తెలిసుంటే ఆమె చెయ్యి విరగనిచ్చేవాణ్ణా?" బాబా గొంతు ఎప్పటిలా లేదు. "నిన్న ఆ గుడిసెలో తెలిసింది. నలభై ఏళ్ళుగా ఆ రాయి పక్కనుంచే ఎక్కి దిగుతున్నాను. నా తలమీద ఎప్పుడూ ఏమీ లేదు."

ఆ రోజే మౌలాలి గోడమీది బొగ్గు గీతలు తడిగుడ్డతో తుడిచేశాడు.

ఓబులమ్మ చెయ్యి కూడుకునేదాకా రోజూ అతనే ఆమె మోపు మోశాడు. నలభై రోజులు పట్టింది. ఆమె ఖాళీ చేతులతో వెంట వచ్చేది. నడిచే తీరు బాగాలేదని తిట్టేది. "అడుగు పూర్తిగా ఆన్చు. ఎగరాకు. నువ్వేమన్నా పెళ్ళికి పోతాండావా?"

మోపు కింద నుంచి వీధి వేరేగా తెలిసింది. రెండో మలుపులో కొండ సందులోంచి గాలి వస్తుంది. అది మెడకు తగిలితే ఇంకో ఇరవై అడుగులు వేయవచ్చు. నాలుగో మలుపులో ఇళ్ళ నీళ్ళు పారి నేల జారుతుంది. ఐదో మలుపులో గానుగవాళ్ళ ఇంటి అరుగు ఉంది. ఆడవాళ్ళు తట్టలు అక్కడే దించుతారు. ఆ ఇంటావిడ మజ్జిగ ఇస్తుంది, ఊరి సంగతులన్నీ ఆ మజ్జిగతోనే పంచుతుంది. ఆరో మలుపులో పొద్దెక్కాక గేదెలు దిగుతాయి. అప్పుడు దారి ఇవ్వాలి.

మొదటివారం లోపలే మూడో మలుపులో బల్ల తీసేశాడు. చదును కోసం నింపిన రాతి ముక్కల్నీ తవ్వి తీశాడు. వాలు మళ్ళీ వాలైంది. కానీ పగలగొట్టిన రాయిని ఎవరు అతికిస్తారు? దాని చోట భుజమెత్తున ఏదో ఒకటి నిలపాలి. నిలపవచ్చు. ఎవరి భుజమెత్తున?

ఒక తాడు తీసుకొని బరువులు మోసేవాళ్ళను ఆపి కొలిచాడు. ఒక్కొక్కరి భుజానికి ఒక్కో ముడి. ఓబులమ్మ పొట్టి. కుమ్మరి ఇల్లాలు ఇంకా పొట్టి. ఉప్పు మోసే సుంకన్న తాటిచెట్టంత మనిషి. ఆడవాళ్ళు నవ్వారు. "మాకు రవికెలు కుడతావా మౌలాలీ?" తాడు నిండా ముడులు పడ్డాయి గానీ పని తెమల్లేదు. సుంకన్నకు సరిపోయేది పెడితే ఓబులమ్మకు అందదు. ఓబులమ్మకు అందేది పెడితే సుంకన్న నడుము విరుగుతుంది.

"ఎవరి ఎత్తుకు పెట్టమంటారు బాబా?"

అమీన్ షా సూది వెలుగుకేసి పట్టుకొని దారం ఎక్కిస్తున్నాడు. "నన్నడుగుతావేం? నేను బొంతలు కుట్టేవాణ్ణి."

మౌలాలి ఆ తాడు మెళ్ళో వేసుకొని రోజులు తిరిగాడు. ఒకటికి రెండు పెడదామా అనుకున్నాడు. వీధి ఇరుకు, రెంటికి చోటు లేదు.

ఒకరోజు మోపు వేసి దిగుతుంటే మూడో మలుపులో ఓబులమ్మ, సుంకన్న పోట్లాడుకుంటున్నారు. ఉప్పు తట్ట పక్కన పెట్టుకొని సుంకన్న కింది వైపు నిలబడ్డాడు. ఓబులమ్మ అతనికి మూడడుగులు పై వైపున ఉంది. ఆమె కోడలు చేసిన కూరలో ఉప్పు ఎక్కువైందట. తప్పు ఉప్పుదా, కోడలిదా అన్నది గొడవ. ఆమె కట్టు కట్టిన చెయ్యి అతని ముక్కు ముందు ఆడిస్తోంది.

మౌలాలి నడక ఆగిపోయింది.

సుంకన్న తల వంచలేదు. ఓబులమ్మ తల ఎత్తలేదు. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

వీధి వాలింది కాబట్టి.

అతను మెళ్ళోంచి తాడు తీసి గోడ మీదుగా అవతల పారేశాడు. ఓబులమ్మ పోట్లాట ఆపి చూసింది. "వీనికేమైంది?" అంది సుంకన్నతో.

పని పదిరోజుల్లో అయిపోయింది. అదే కొండ నుంచి తెచ్చిన రెండు నిలువు రాళ్ళు. కింది వైపుది పొడుగు, పై వైపుది పొట్టి. వాటిమీద వీధి వారగా, నిడుపుగా ఒక అడ్డ బండ. వీధి ఎంత వాలినా బండ మాత్రం వాలకూడదు. దానిమీద నీళ్ళ గిన్నె పెట్టి సరిచూశాడు. సుంకన్నలాంటివాళ్ళు కింది కొసన దించుకుంటారు. పొట్టివాళ్ళు నాలుగడుగులు పైకి వేసి, రెండో కొసన దించుకుంటారు. మధ్యవాళ్ళు మధ్యలో.

అడ్డ బండకు తొమ్మిదడుగుల రాయి కావాలి. అంత నిడివి రాయి ఊళ్ళో ఒక్కటే ఉంది.

ఎత్తడానికి వీధిలోవాళ్ళే ఎనిమిదిమంది వచ్చారు. బాబా కూడా ఒక చెయ్యి వేశాడు. మౌలాలి చెక్కిన ముఖాన్ని కిందికి తిప్పమన్నాడు.

"ఇంత మంచి పని కిందికి ఏస్తావా?" సుంకన్న ఒప్పుకోలేదు. "పైకుంటే ఎంత బాగుంటాది!"

"కట్టె పుల్లలు తీగలో చిక్కుకుంటాయన్నా. పైన నున్నగా ఉండాలి."

ఎత్తేముందు మౌలాలి మొగ్గ నుంచి పువ్వు దాకా ఒకసారి అరచేత్తో రాశాడు. నాలుగు నెలలు. తరువాత చెయ్యి తీసి, "ఊఁ, పట్టండి" అన్నాడు. అమీన్ షా అతని ముఖం చూశాడు, మళ్ళీ రాయి చూశాడు.

బల్ల కింద ఉండిన రెండు పొట్టి రాళ్ళు మిగిలాయి. వాటిని అవతల గోడవార, జనం ఇదివరకే కూర్చునే చోట నీడలో పెట్టాడు.

ఓబులమ్మ కట్టు విప్పేశాక మొదటిసారి మోపుతో వచ్చిన రోజున మౌలాలి పొద్దున్నే దిగి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె వాలు ఎక్కింది. మలుపు తిరిగింది. తల కొంచెం పక్కకు వంచింది. మోపు తలమీంచి బండమీదికి జారి కూర్చుంది. అంత తేలిక. ఆమె నడుం నిటారు చేసి, కొంగుతో మొహం తుడుచుకొని, నోట్లో ఆకూ వక్కా వేసుకుంది. వెనక వచ్చిన కుమ్మరి ఇల్లాలితో కోడలి గురించి కాసేపు మాట్లాడింది. తరువాత తల ఒగ్గి మోపు మళ్ళీ ఎక్కించుకొని పైకి వెళ్ళిపోయింది.

రాయి వైపు చూడను కూడా చూడలేదు.

మౌలాలి దర్గాకు వచ్చాడు. "ఓబులమ్మ దించుకుంది బాబా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?" బాబా సూది ఆపాడు. ముసలి ముఖమంతా నవ్వు పరుచుకుంది. ఈ మూడేళ్ళలో ఆయన అంత సంతోషపడడం మౌలాలి చూడలేదు. ఎందుకో అతనికి వెంటనే అర్థం కాలేదు. లోపల ఒక మూల కొంచెం నొప్పి కూడా ఉంది. ఆ నొప్పి నిజం.

మిగిలిన మలుపుల పని ఏడాది పట్టింది. ప్రతి చోటా ముందు నెలరోజులు ఊరికే కూర్చునేవాడు. రెండో మలుపులో గాలి తగిలే చోట ఒక వెడల్పు రాయి వేశాడు. నాలుగో మలుపులో కాలువ కోసి నీళ్ళు పక్కకు మళ్ళించి, పట్టుకోవడానికి గోడలో ఒక కమ్మి దిగేశాడు. ఆరో మలుపులో గేదెలకు దారి వదిలి, మనిషి ఒదిగి నిలబడే గూడు చేశాడు. ఐదో మలుపులో ఏమీ పెట్టలేదు. గానుగవాళ్ళ అరుగు మీద ఒక పలక కదులుతుంటే దాన్ని సరిచేసి వచ్చాడు.

ఆ తరువాతి వేసవిలో ఒకనాటి పొద్దున మౌలాలి, అమీన్ షా దిగువపేట నుంచి వస్తూ మూడో మలుపులో ఆగారు. బాబాకు ఇప్పుడు ఆయాసం ఎక్కువైంది. గోడవార రాయిమీద కూర్చున్నాడు. మౌలాలి పక్కన నిలబడ్డాడు.

ఊరికి కొత్త మనిషి ఒకడు మిరపకాయల బస్తా తలమీద పెట్టుకొని వచ్చాడు. బాగా పొడుగరి. రొప్పుతూ రొప్పుతూ అడ్డ బండ ముందుకు వచ్చి, ఎవరూ చెప్పకుండానే కింది కొసకు జరిగాడు. దించబోతూ ఆగి, బండ కిందికి, నిలువు రాళ్ళ వైపు, వీధి వైపు చూశాడు.

"అన్నా" అన్నాడు మౌలాలితో. "ఎన్నో ఊర్లు తిరిగినా గాని ఇట్లాంటిది యాడా చూల్యా. ఎవరు పెట్టినారు దీన్ని?"

మౌలాలి అతని మెడ చూశాడు. నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. కనురెప్ప మీద చెమట బొట్టు వేలాడుతోంది. రెండు చేతులూ బస్తా మీదే ఉన్నాయి.

"ముందు బరువు దించుకో అన్నా."

ఆ మనిషి దించాడు. కళ్ళు మూసుకొని, ఒక పెద్ద ఊపిరి పీల్చి వదిలాడు. చెమట తుడుచుకున్నాడు. కింది మలుపు కొండ సందు వైపు నుంచి చిన్న గాలి వచ్చింది. అతను ఆ గాలికి మొహం తిప్పి నిలబడ్డాడు. అడిగిన మాట మరిచిపోయాడు.

మౌలాలి గుర్తుచేయలేదు.